గాజుపలక

మా అక్కకు డెబ్బదియెనిమిదేండ్లు. హోసూరునకు పదునైదు కిలోమీటర్ల దూరమున నొక పల్లెలో, మామిడితోపు ప్రక్కనున్న పాత యింటిలో ఒంటరిగా నున్నది. బాల్యమున మా యూరి తెలుగుబడిలో అయిదవ తరగతి వరకు చదివినది. ఆ తరువాత పెండ్లి, సంసారము, రాగిచేను, ఆవులు. వీనితోనే ఏబది యేండ్లకు పైగా గడచినవి. చదువు ఆగినను వ్రాత ఆగలేదు. నేను తెలుగు పండితుడనై ఊరూర తిరిగిన కాలమున నెలకొక కార్డు వ్రాసెడిది. గుండ్రని పెద్ద అక్షరములు, తిన్నని పంక్తులు, చోటు చాలనిచో అంచున అడ్డముగా మరి రెండు మాటలు. ఆ కార్డులలో కొన్ని నేటికిని నా పెట్టెలో భద్రముగా నున్నవి.

కార్డుల కాలము ముగిసినది. మూడేండ్ల క్రిందట ఆమె కుమారుడు, అనగా నా మేనల్లుడు, బెంగుళూరునుండి ఆమెకొక క్రొత్త సెల్‌ఫోను తెచ్చియిచ్చెను. అంతకు ముందున్నది బటనుల ఫోను. పచ్చ బటను నొక్కి మాటలాడుట, ఎఱ్ఱ బటను నొక్కి ఆపుట, ఇంతయే ఆమె యెఱిగినది. క్రొత్తదానికి బటనులు లేవు, ముఖమంతయు గాజు. అది వచ్చిన కొంతకాలమునకు నన్ను పిలిపించెను.

“తమ్ముడా, ఈ ఫోనులో మన పాప జాబులు వచ్చి పడతా ఉండాయంట. ఒకటీ నాకు చదివేదానికి కాలేదు. నువ్వన్నా చదివి చెప్పు” అనెను.

పాప యనగా ఆమె మనుమరాలు. బెంగుళూరులో ఇంగ్లీషు మీడియమున తొమ్మిదవ తరగతి చదువుచున్నది. ఇంటిలో మాటలాడునది తెలుగే. నేను కండ్లజోడు సవరించుకొని ఫోను చూచితిని. నలుబదికి పైగా సందేశములు. తిన్నావా అవ్వా, ఆవు ఈనిందా, పరీక్షలు అయిపోతూనే వస్తాను, ఇట్టి మాటలు. అన్నియు తెలుగే. అన్నియు ఇంగ్లీషు అక్షరములతో వ్రాసినవే.

ఒక్కొక్కటి చదివి వినిపించితిని. ఆవు సంగతి అడిగిన సందేశము వచ్చినప్పుడు, “అది యెప్పుడు పంపింది?” అనెను. రెండు నెలలైనదని చెప్పితిని. అక్క మాటలాడలేదు. అప్పటికి దూడ పెరిగి తాడు తెంచుకొని తిరుగుచున్నది.

ఇద్దరిది నొకే భాష. ఇద్దరి చేతిలోను ఒకే విధమైన పరికరము. ఒకరు వ్రాసినది మరియొకరికి అందదు. ముప్పదియేండ్లు తెలుగు చెప్పినవాడనై యుండియు, నా యింటివారికే నేను నడుమ నిలిచి చదివిపెట్టవలసి వచ్చెను గదా యని ఆ రాత్రి చాలసేపు నిదుర పట్టలేదు.

ఇట్లెందుకు జరిగినది? పిల్లల సోమరితనమని చాలకాలము నేనును అనుకొంటిని. అది పూర్తిగా న్యాయము కాదు. మొదటి సెల్‌ఫోనులు మన లిపిని దృష్టిలో నుంచుకొని చేసినవి కావు. ఉన్నవి పండ్రెండు బటనులు; వానిలో ఎనిమిదింటిపై ఇంగ్లీషు అక్షరములు మూడేసి, నాలుగేసి చొప్పున పంచబడినవి. ‘సి’ యను అక్షరము కావలెనన్న ఒకే బటనును మూడు మారులు నొక్కవలెను. 1990ల నడుమ టి-నైన్ అను ఏర్పాటు వచ్చి, బటనును ఒక్కొక్క మారు నొక్కిన చాలునని, కావలసిన మాటను యంత్రమే తన పదకోశమునుండి ఊహించుకొనునని చూపెను. ఇంగ్లీషు వ్రాయువారికి అది వరము. అచ్చులును, హల్లులును, గుణింతపు గుర్తులును, క్రింద వత్తులును గల మన లిపిని ఆ పండ్రెండు బటనులపై సర్దుట యెట్టిదో ఒకటవ తరగతి బాలుడైనను ఊహింపగలడు.

అంతకంటె పెద్ద చిక్కు కొలతలో నుండెను. దీనిని విద్యార్థులు శ్రద్ధగా వినవలెను. ఒక సంక్షిప్త సందేశమునకు కేటాయించిన చోటు 140 బైటులు మాత్రమే. ఇంగ్లీషు అక్షరమునకు 7 బిట్లు చాలును గనుక ఆ చోటిలో 160 అక్షరములు పట్టును. తెలుగులో ఒక్కొక్క గుర్తునకు 16 బిట్లు కావలెను గనుక 70 మాత్రమే పట్టును. ఆ 70 అయినను పూర్తి యక్షరములు కావు. ‘స్త్రీ’ అను మాటను చూడుడు. మన కంటికి ఒక్క యక్షరము. యంత్రమునకు స, దానికి పొల్లు, త, దానికి పొల్లు, ర, ఆపైన గుడిదీర్ఘము, వెరసి ఆరు. స్త్రీ యని పదునొకండు మారులు వ్రాసిన తరువాత పండ్రెండవదానికి చోటుండదు. సందేశమునకింతయని డబ్బు చెల్లించు దినములలో ఈ లెక్క చిన్నది కాదు. పైగా చాల ఫోనులలో తెలుగు సందేశము వచ్చినచో అక్షరములకు బదులు ఖాళీ గడులు వరుసగా కనబడుచుండెను. ఆండ్రాయిడ్ ఫోనులలో తెలుగు, కన్నడము, మలయాళముల అక్షరములు తీరుగా కనబడు ఏర్పాటు 2012లో వచ్చిన 4.1 కూర్పుతో గాని చేరలేదు. అప్పటికే మన పిల్లల వ్రేళ్ళకు ఇంగ్లీషు అక్షరములు అలవాటైపోయినవి. ఖర్చు పోయినది, గడులు పోయినవి, అలవాటు మాత్రము మిగిలినది.

ఆ యలవాటు ఎట్టి తికమకలు పెట్టునో ఒకటి చెప్పెదను. నేనింకను ఉద్యోగములో నున్నప్పుడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు తండ్రి ఫోనునుండి సెలవు కోరుచు సందేశము పంపెను. ‘నాకు’ అని యుండెను, తరువాత కే, ఏ, ఎల్, ఎల్, యు, తరువాత ‘నొప్పి’. కళ్ళా, కాళ్ళా? ముందునాడు వాడు చెడుగుడు ఆడుట చూచినవాడను గనుక కాళ్ళేయని నిశ్చయించుకొంటిని. నాలుగవ దినమున వాడు కండ్లకలకతో ఎఱ్ఱనైన కండ్లు నలుపుకొనుచు తరగతికి వచ్చి, మిగిలినవారికందఱకు దానిని పంచిపెట్టెను. ఆ యైదక్షరములకు మూడవ యర్థమొకటి కూడ కలదు. బడిపిల్లవానికి దానిని అంటగట్టరాదు.

ఇక అక్క సంగతి. పాపకు జవాబు తానే వ్రాయవలెనని ఆమె పట్టుపట్టెను. మంచిదే యని ఫోను చేతికిచ్చితిని. ఆమె వ్రేలితో తాకెను; ఫోను పలుకలేదు. గట్టిగా నొక్కెను, పలుకలేదు. నేను తాకితిని, వెంటనే తెఱచుకొనెను.

“నా వేలు దీనికి వేలుగా కనపడలేదేమిరా?” అనెను.

నవ్వుచునే యనినది గాని, ఆ మాట నాకు గుచ్చుకొన్నది. దాని కారణమును తరువాత తెలిసికొంటిని. వ్రేలితో తాకి యంత్రమును నడుపవచ్చునని 1965లోనే ఇంగ్లండులో ఇ. ఎ. జాన్సన్ అను ఇంజనీరు ఒక వ్యాసములో ప్రకటించెను. సెల్‌ఫోనులలో 1994లో వెలువడిన ఐ.బి.ఎం. వారి సైమనునకు తాకుడు ముఖముండెను. ఆ తరువాత వచ్చిన అనేక ఫోనులలో రెండు పలుచని పొరలుండెడివి. పై పొరను నొక్కిన క్రింది పొరకు తగిలి, చోటు తెలిసెడిది. గోరైనను, కలము వెనుక కొనయైనను వానికి చాలును. 2007లో ఐఫోను వెలువడిన తరువాత ఆ పద్ధతి క్రమముగా వెనుకబడినది. ఇప్పటి ఫోనులో నొక్కుట యనునదే లేదు. గాజు క్రింద కంటికి కనబడని సన్నని విద్యుత్తీగెల వల యుండును. అందులో కొలదిపాటి విద్యుదావేశ ముండును. మన దేహము విద్యుత్తును పోనిచ్చునది గనుక, వ్రేలు దగ్గరకు రాగానే ఆ యావేశము కొంచెము మారును. ఎక్కడ మారినదో యంత్రము కొలుచును. తడిగల మెత్తని వ్రేలైనచో చక్కగా తెలియును. ఎండి, కాయలు కాచిన వ్రేలైనచో మార్పు స్వల్పమై, యంత్రము దానిని లెక్కింపకపోవచ్చును.

ఏబదియేండ్లు రాగులు విసరి, బూడిదతో అంట్లు తోమి, పేడ యెత్తిన వ్రేలది. దాని చర్మము చెక్కవలె నున్నది. అట్టి వ్రేళ్ళు మీ యిండ్లలోను ఉండును గనుక ఉపాయములు చెప్పెదను. వ్రేలికొనతో గాక వ్రేలి మెత్తతో తాకవలెను. ముందుగా తడిగుడ్డతో ఒకమారు తుడుచుకొనిన మేలు. ఫోనుపై అంటించిన మందపు గాజు రేకును తీసివేయవలెను. కొన్ని ఫోనులలో తాకుడు సున్నితమును పెంచు ఏర్పాటు లోపలనే యుండును. చలిదేశములలో చేతితొడుగులు వేసికొనువారి కొఱకు చేసినది మా యక్కకు పనికివచ్చినది. ఈ నాలుగును చేసిన పిమ్మట ఫోను ఆమె వ్రేలిని గుర్తించెను.

తరువాత కీబోర్డు చూపితిని. అందు నా ప్రయత్నము ఫలింపలేదు. గడులు చిన్నవి, వ్రేలు లావు. మన పూర్వులు తాటాకుపై ఘంటముతో వ్రాసిరి. ఘంటపు మొన సన్నము. వ్రాయువానికి తన గీత కనబడుచుండును. వ్రేలైనచో వ్రాయవలసిన చోటునే కప్పివేయును. అక్క ‘ప’ తాకినచో ‘బ’ పడుచుండెను. తుడుపు మీట నొక్కగా గుణింతము పోవును, మరల నొక్కగా వత్తు పోవును, అక్షరము మొండియై నిలుచును.

ఈ తుడుపు మీటను గూర్చి పండితుడనైన నా కొక పక్షపాతము కలదు. ‘స్త్రీ’ అని వ్రాసి దానిని నొక్కుచు పొండు. మొదట గుడిదీర్ఘము పోయి ‘స్త్ర’ మిగులును. తరువాత ఒక్కొక్కటిగ ఊడి, కడకు ‘స’ మాత్రము నిలుచును. సంయుక్తాక్షరమనగా నేమో నల్లబల్లపై గంటసేపు చెప్పినను తలకెక్కని బాలునికి ఇది నిమిషములో ఎక్కును. యంత్రములకు సైతము మన సంయుక్తాక్షరములు సులభములు కావు సుమా. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను అక్షరము, లోపల కనబడని గుర్తొకటి చేరిన రూపముతో, సందేశములో వచ్చినంతనే ఐఫోనులలోని కార్యక్రమములు కుప్పకూలినవి. ఆ నెలలోనే దానిని సరిదిద్దిరి. మన బడిలో నేటేట ఎందఱో తడబడు అక్షరమువద్దనే అదియు తడబడినది గదా యని నాకు కొంత తృప్తి కలిగినదని దాచను.

కీబోర్డులను గూర్చి మన ప్రాంతపు పిల్లలకు వేఱుగా చెప్పవలసిన దొకటున్నది. 1986లో భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖ ఇన్‌స్క్రిప్టు అను మీటల అమరికను ఏర్పఱచినది. అచ్చులును గుణింతపు గుర్తులును చాలవరకు ఎడమచేతి వైపున, హల్లులు కుడిచేతి వైపున నుండును. దాని గొప్పతన మేమనగా, తెలుగు ‘క’ ఏ మీటపై నుండునో కన్నడపు ‘క’యును తమిళపు ‘క’యును ఆ మీటపైననే యుండును. హోసూరు సీమ బిడ్డకు ఈ మూడును చెవిని పడు భాషలే. ఒక్కమారు వ్రేళ్ళకు చోట్లు నేర్పినచో మూడు లిపులకును ఆ నేర్పు పనికివచ్చును. అమరిక కంప్యూటరు కొఱకు పుట్టినది గాని కొన్ని ఫోను కీబోర్డులలోను కలదు. ఫోను కొనబోవు తలిదండ్రులకు మరియొక మాట. 2016లో వెలువడిన భారతీయ ప్రమాణము ప్రకారము ఫోనులలో 22 భారతీయ భాషల సందేశములను చదువుటకు వీలుండవలెను. వ్రాయుటకు ఇంగ్లీషు, హిందీలతో పాటు కనీసము మరియొక భారతీయ భాష యుండవలెను. తెలుగు కనబడదని దుకాణదారుడు చెప్పినచో నమ్మవలదు.

అక్కకు మాత్రము ఈ మీటలు పనికిరాలేదు. నోటితో చెప్పినచో వ్రాసిపెట్టు ఏర్పాటును చూపితిని. గూగుల్ సంస్థవారు 2017 ఆగస్టులో మరి ఎనిమిది భారతీయ భాషలకు దీనిని విస్తరించినప్పుడు తెలుగు వానిలో నొకటి. చేతి పని లేదు, మాటలాడిన చాలును. అక్క ఫోనును నోటి దగ్గఱ పెట్టుకొని, బావిలోనికి కేక వేసినట్లు, “పాపా, ఎట్లుండావు?” అనెను. గాజుపై ‘ఎట్లుండవు’ అని పడెను.

చూచితిరా! మా సీమలో ‘ఉండావు’ అనగా ఉన్నావని. ఆ దీర్ఘము పోగానే లేకుండ పోదువని యర్థము. క్షేమ మడిగిన మాట కాస్తా కీడు పలికినట్లయ్యెను. మరల చెప్పెను, మరల అదే పడెను. ఎట్లున్నావు అని పలుకుమని నేను చెప్పితిని. పుస్తకములలో నుండునట్లు ఆమెచే పలికింపజూచితిని.

“నా మనమరాలికి నేను ఎవురి మాదిరో ఎందుకు మాట్లాడల్ల?” అనెను.

దానికి నాయొద్ద జవాబు లేకపోయెను. ముప్పదియేండ్లు పిల్లల ‘ఉండావు’లను ఎఱ్ఱసిరాతో దిద్దినవాడను నేను. ఆ దినమున యంత్రము చేసినది నా పనియే.

చివరకు దారి చూపినది వ్రేలివ్రాతయే. తాకుడు గాజుపై వ్రేలితో అక్షరము వ్రాసినచో యంత్రము చదివి అచ్చక్షరముగా మార్చును. 2015లో గూగుల్ వారు 82 భాషలకు దీనిని వెలువరించిరి. ఇప్పుడు మామూలు కీబోర్డులోనే వ్రేలివ్రాతను ఎన్నుకొనవచ్చును. తెఱ దిగువ సగము ఖాళీ పలకవలె తెఱచుకొనగానే అక్క ముఖము మారినది. ఇది తెలిసిన వస్తువు! ఫోనును ఒడిలో వాల్చుకొని, ఎడమచేతితో పట్టుకొని, కుడి చూపుడువ్రేలితో ‘పా’ అని పెద్దగా వ్రాసెను. అక్షరము పైన నిలిచెను. ఇంకొక ‘పా’. అట్లు ఒక్కొక్క యక్షరమే, ఒక్కొక్కదానిని తలయెత్తి చూచుకొనుచు, నాలుగు మాటలకు అరగంట పట్టెను. ‘పాపా ఎట్లుండావు దూడ పెద్దదయింది.’ దీర్ఘము ఉండవలసిన చోటనే యుండెను. అయిదవ తరగతితో ఆగిన చదువు, అరువదియెనిమిదేండ్లకు ఆ గాజుపలకపై మరల మొదలైనట్లు నాకు తోచెను.

ఆ సందేశము పోయినది. పాపకు తెలుగు చదువరాదు! ఆ సంగతి మే మిద్దరమును మఱచితిమి. రాత్రి నాకు ఫోను చేసి, “తాతా, అవ్వ ఏమో పంపింది, నాకు చదవను రాలేదు” అని చెప్పెను. వ్రాతను చదివి వినిపించు ఏర్పాటు ఫోనులోనే కలదని చెప్పితిని. అవ్వ వ్రాతను యంత్రము గొంతుతో వినినది. తాను కూడ తెలుగక్షరములతోనే పంపవలెనని పాపకు పుట్టెను. ఇంగ్లీషు అక్షరములను నొక్కినచో తెలుగక్షరములుగా మార్చు కీబోర్డును పెట్టుకొన్నది.

దానిని నేనేనాడును మెచ్చినవాడను కాను. మన యింటికి మనము పొరుగువాని గుమ్మమునుండి వచ్చినట్లున్నదని తరగతిలో ఎన్నిమారులో పరిహసించితిని. అందు ణ, న లకును, ళ, ల లకును తేడా తెలియని పిల్లలు తయారగుదురని నా భయము. ఆ భయము వట్టిది కాదని మరునాడే తెలిసినది. పొద్దున్నే అక్క ఫోను. నవ్వు ఆపుకొనలేక దగ్గుచున్నది.

“డెబ్బై ఎనిమిదేండ్లకు నన్ను కల్లంగడికి పంపతా ఉండాది చూడు నీ మనమరాలు!”

వచ్చిన సందేశము ఇది: ‘అవ్వా నీ కల్లు ఎట్లున్నాయి? మందు తీసుకుంటున్నావా?’ అవ్వ మోకాళ్ళ నొప్పిని తలచుకొని పాప కాళ్ళ సంగతి అడిగినది. తాను నొక్కినవి ఆ కే, ఏ, ఎల్, ఎల్, యు లే. వచ్చిన అక్షరములను చదువలేదు గనుక అవి ఏమైనవో దానికి తెలియదు. చదువరాని తెలుగును పాప వ్రాసినది. దానిని అక్క చదివినది. ఆ దినమున మొట్టమొదటిసారి నా నడిమి చదువు లేకుండ ఒకరి జాబు ఒకరికి అందినది. నేను పరిహసించిన గుమ్మమునుండియే అందినది. కావున ఇకమీదట దానిని పరిహసింపను. భయము మాత్రము విడువను.

అక్క ఊరకుండలేదు. గాజుపై ‘ల’ వ్రాసి, ప్రక్కనే ‘ళ’ వ్రాసి పంపెను. రెండింటికిని తేడా యేమని పాప అడిగెను. వ్రాతలో ఎట్లు చెప్పుటయో అక్కకు తెలియక, సంక్రాంతి సెలవులకు రమ్మని చెప్పెను. పాప వచ్చినది. అరుగుపై ఇద్దరును కూర్చుండి, నడుమ ఫోనును పలకవలె పెట్టుకొని, పాప వ్రేలిని అక్క తన వ్రేలితో పట్టి దిద్దించుచుండగా నేను లోపలనుండి చూచితిని. ఫోను ఏ వ్రేలిని లెక్కించుకొన్నదో నాకు తెలియదు.

గత మాసమున అక్కను చూడబోయినప్పుడు ఆమె తన ఫోనును నా చేతికిచ్చెను. ఇప్పుడు చదివి చెప్పుమని అడుగుట లేదు, చూపుటకు మాత్రమే. పాప గాజుపై వ్రేలితో గీచి, మార్పు లేకుండ బొమ్మగా పంపిన అక్షరమొకటి అందుండెను. తెఱ నిండుగ ‘ళ’. వంకరగా, ఒక ప్రక్కకు ఒరిగి, చివర సున్న కలియకుండ. దాని క్రింద అక్క జవాబు:

‘ఇంకొక తూరి రాయి.’

దాని క్రింద మరి మూడు ‘ళ’లు.